ఈసారికి రెడీమేడ్ ఫంక్షన్లు వద్దు కన్నా

కన్నా,

నువ్వు పంపిన ప్రోగ్రామ్ రన్ చేసి చూశాను. 0 నుంచి 255 దాకా డెసిమల్, బైనరీ, ఆక్టల్, హెక్సా (అంటే 10, 2, 8, 16 అంకెలతో రాసే పద్ధతులు) నాలుగు నిలువు వరుసలూ సరిగ్గానే వచ్చాయి. మార్కులకు ఢోకా లేదు. కానీ పని మొత్తం పైథాన్‌లోని బిన్, ఆక్ట్, హెక్స్ ఫంక్షన్లే చేసిపెట్టాయి. అవి వాడటం తప్పేం కాదు, నేనూ రోజూ వాడతాను. ఈ ఒక్కసారికి మాత్రం వాటిని పక్కన పెట్టి, అదే పట్టికను సొంత లూప్‌తో, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్‌తో రాయి. సంఖ్య వేరు, దాన్ని మనం అంకెల్లో రాసే పద్ధతి వేరు. చదివితే ఇది అర్థమైనట్టే ఉంటుంది గానీ, ఆ లూప్ రాసినప్పుడే ఒంటబడుతుంది.

ముందు కాగితం మీద చెయ్యి. 45ను 2తో భాగించు. భాగఫలం 22, శేషం 1. ఆ 22ను మళ్లీ భాగిస్తే 11, శేషం 0. తర్వాత 5, శేషం 1. ఆపైన 2, శేషం 1. ఆపైన 1, శేషం 0. చివరికి భాగఫలం 0, శేషం 1. శేషాలను కింది నుంచి పైకి చదివితే 101101. మొదట దొరికిన శేషం ఒకట్ల స్థానానిది, అది కుడి చివర ఉండాలి కదా, అందుకే కింది నుంచి చదవాలి. ప్రోగ్రామ్‌లో లూప్ లోపల రెండే పనులు: శేషాన్ని స్ట్రింగ్‌కు (అక్షరాల వరుసకు) ముందువైపు అతికించడం, పాత సంఖ్య బదులు భాగఫలం పెట్టుకోవడం. సంఖ్య సున్నా అయ్యేదాకా అంతే. 2 బదులు 8 అయితే ఆక్టల్, 16 అయితే హెక్సా. కాబట్టి మూడు ఫంక్షన్లు రాయకు, ఒక్కటే రాసి బేస్‌ను, అంటే ఏ సంఖ్యతో భాగించాలో దాన్ని కూడా దానికి ఇవ్వు.

ఇప్పుడు శేషాన్ని పొరపాటున వెనకవైపు అతికించావనుకో. 45తో టెస్ట్ చేస్తే ఆ తప్పు బయటపడనే పడదు. 101101ని తిరగేసినా 101101 గానే ఉంటుంది. ఆక్టల్‌లో 45 అంటే 55, దాన్ని తిరగేసినా అంతే. 6 ఇచ్చి చూడు, 110 రావాల్సిన చోట 011 వచ్చి దొంగ దొరికిపోతాడు. ఒక్క సంఖ్య సరిపోయిందని వదిలేయొద్దని నేను పోరేది ఇందుకే. సున్నా ఇచ్చి కూడా చూడు. అది లూప్‌లోకే వెళ్లదు, పట్టిక మొదటి వరుస ఖాళీగా మిగులుతుంది. దానికి విడిగా ఒక షరతు రాయాలి.

హెక్సాలో ఇంకో తకరారు ఉంది. 45ను 16తో భాగిస్తే 2, శేషం 13. ఆ 13ను అలాగే అతికిస్తే 213 అవుతుంది. హెక్సాలో 213 అంటే మన 531, ఎక్కడికో పోయింది! 0 నుంచి 9 దాకా అంకెలు, వాటి వెంటే ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు ఒకే స్ట్రింగ్‌లో పెట్టుకో. శేషం ఎంతైతే ఆ ఇండెక్స్‌లో, అంటే సున్నా నుంచి లెక్కపెడితే ఆ స్థానంలో ఉన్నదే నీ అంకె. 13కు డి వస్తుంది, 45 అంటే 2డి. స్ట్రింగ్‌ను జెడ్ దాకా పొడిగిస్తే బేస్ 36 వరకూ ఇదే ఫంక్షన్ సరిపోతుంది. ఇక్కడ ఆ రెడీమేడ్ ఫంక్షన్లను మళ్లీ తెచ్చుకో. అవి ముందు తగిలించే 0బి, 0ఓ, 0ఎక్స్ తీసేసి, 256 వరుసలనూ నీ జవాబులతో పోల్చమని ప్రోగ్రామ్‌కే చెప్పు.

పట్టికలో బైనరీ అంకెలకు ముందు సున్నాలు చేర్చి అన్నిటినీ ఒకే పొడవు చెయ్యి. అప్పుడు నిలువుగా చదువు. కుడి చివరి వరుసలో 0, 1 ఒకటి విడిచి ఒకటి, దాని పక్కన రెండేసి, ఆ పక్కన నాలుగేసి. జర్మన్ గణితవేత్త లైబ్నిజ్ తన 1703 నాటి వ్యాసంలో బైనరీ పట్టిక వేసి ఈ క్రమాన్నే చూపించాడు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే పింగళుడు ఛందస్సు కోసం గురులఘువులతో ఇలాంటి పట్టిక వేసే పద్ధతి చెప్పాడు. మ, య, ర, స, త, జ, భ, న గణాలను ఆ వరుసలోనే రాసి, గురువుకు 0, లఘువుకు 1 పెట్టు. మొదటి అక్షరాన్ని ఒకట్ల స్థానం అనుకుంటే మగణం 0, యగణం 1, రగణం 2, అలా నగణం 7. మగణాన్ని ఒకటో వరుసగా లెక్కపెడితే ఆరో వరుసలో ఏముందో పట్టిక వేయకుండానే చెప్పే ఉపాయమూ ఉంది. సరి సంఖ్య అయితే లఘువు రాసి సగం చెయ్యి, బేసి అయితే గురువు రాసి, ఒకటి కలిపి సగం చెయ్యి. 6కు లఘువు, 3కు గురువు, 2కు లఘువు, అంటే జగణం. ఆరోది అదే! నీ లూప్ చేసే పనికి ఇది ఎంత దగ్గరో చూడు. ఇది తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

అది అయ్యాక ఎక్కాల పట్టిక వెయ్యి, లూప్‌లో లూప్ పెట్టి. బేస్ 8లో ఏడో ఎక్కం 7, 16, 25, 34, 43, 52, 61, 70 అని వస్తుంది. మన తొమ్మిదో ఎక్కంలాగే ఒక అంకె పెరుగుతుంటే పక్కది తగ్గుతోంది. 7 కలపడమంటే 8 కలిపి 1 తీసేయడమే కాబట్టి అలా వస్తోంది. హెక్సాలో 15వ ఎక్కమూ అంతే: ఎఫ్, 1ఇ, 2డి, 3సి.

బేస్ 12లో ఏ ఎక్కం ఇలా వస్తుందో ముందు ఊహించి రాసుకో, తర్వాత రన్ చెయ్యి. కోడ్ పంపు, రాత్రికి చూస్తాను.

అమ్మ