చీపురు పుల్లల లెక్క

విజయవాడ,
ఆదివారం రాత్రి

అమ్మడూ,

ఫోనులో నువ్వు అడిగినదానికి "చూద్దాంలే" అని పెట్టేశాను. ఆ సమయంలో కొట్టు దగ్గర ఇద్దరు బేరమాడుతున్న మాట నిజమే. వాళ్లు లేకపోయినా అదే అనేవాడిని. డిగ్రీ చేసి, తరువాత బీఈడీ చేసి టీచరునవుతానని నువ్వు ఒక్క గుక్కలో అనేశావు. ఆ గుక్కలో అయిదేళ్లు ఉన్నాయి. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు అమ్ముకునేవాడికి ఈ సంగతులు ఏం తెలుసని మీ అమ్మ ఇప్పటికే అడిగింది. ఇరవై రెండేళ్లుగా ఈ చుట్టుపక్కల టీచరు కావాలనుకున్నవాళ్లలో సగంమంది నా దగ్గరికే వచ్చినట్టు అనిపిస్తుంది. ఒకసారి పుస్తకం కొనడానికి వస్తారు, ఇంకోసారి అదే పుస్తకం అమ్మడానికి. అమ్మకానికి తెచ్చిన టెట్ (టీచరు అర్హత పరీక్ష) గైడు తిరగేస్తే చదివిన మనిషి కనిపిస్తాడు. పియాజే, వైగోట్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తల సంగతులు ఉన్న పేజీల నిండా మూడు రంగుల గీతలుంటాయి. లెక్కల దగ్గరికి వచ్చేసరికి మడత కూడా నలగదు. ఈమధ్య నెరిసిన తలలు కూడా వస్తున్నాయి. అయిదేళ్లకు పైగా సర్వీసు మిగిలి ఉన్న టీచర్లు కూడా రెండేళ్లలో టెట్ పాసవ్వాలని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు చెప్పింది కదా, అప్పటినుంచి. ఒక పెద్దాయన టెట్ పుస్తకాన్ని దినపత్రికలో చుట్టి ఇమ్మన్నాడు, తన విద్యార్థులెవరైనా చూస్తారేమోనని.

సరే, అసలు విషయం. నిన్ను ఒకటి అడగాలి. నీకు ఏ వయసు పిల్లలు కావాలి?

ఇది నవ్వులాట ప్రశ్న కాదు. ఒకప్పుడు ఈ ప్రశ్నకు తొందర ఉండేది కాదు. ముందు చదివేసి, ఉద్యోగం ఏది వస్తే అందులో చేరేవారు. ఇప్పుడు ఇంటర్ దగ్గరే దారి రెండుగా చీలుతోంది. ఒకటి నుంచి అయిదు తరగతులకు చెప్పేవారు ఎస్‌జీటీలు, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్లు. దానికి ఇంటర్ తరువాత రెండేళ్ల డీఈఎల్‌ఈడీ చదవాలి. మీ తాతయ్య తరం ట్రైనింగ్ అనేది, మేము టీటీసీ అన్నాం, అదే ఇది. డీసెట్ అనే ప్రవేశపరీక్ష రాసి చేరాలి, ఇంటర్‌లో యాభై శాతం ఉంటే చాలు, నీకు అంతకన్నా ఎక్కువే వచ్చింది. హైస్కూలులో చెప్పాలంటే స్కూల్ అసిస్టెంటు కావాలి. డిగ్రీ, దానిమీద ఎడ్‌సెట్ రాసి రెండేళ్ల బీఈడీ. డిగ్రీలో ఏ సబ్జెక్టు పట్టుకుంటే దాదాపు అదే బీఈడీలో నీ మెథడాలజీ (ఎలా బోధించాలో నేర్చుకునే సబ్జెక్టు), రేపు నువ్వు పోటీపడే పోస్టూ అదే.

బీఈడీ పెద్ద చదువు కాబట్టి దానితో చిన్న తరగతులకూ చెప్పవచ్చు కదా అనుకుంటారు. మీ అత్తా అలాగే అనుకుంది. (ఈ భాగం అత్త ముందు పైకి చదవకు.) 2018 జూన్‌లో ఎన్‌సీటీఈ (ఉపాధ్యాయ శిక్షణకు నియమాలు పెట్టే జాతీయ సంస్థ) వాళ్లు, బీఈడీ చేసినవారు కూడా ప్రాథమిక తరగతులకు అర్హులే, ఉద్యోగం వచ్చాక ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే సరిపోతుందన్నారు. అత్త ఆ ధైర్యంతోనే గుంటూరులో బీఈడీలో చేరింది. దానికి మొదటినుంచీ చిన్నపిల్లలంటేనే ప్రాణం. ప్రైవేటు బడిలో ఒకటో తరగతికి చెబుతూ, రాత్రిపూట ఎస్‌జీటీకి చదివేది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, బీఈడీ వాళ్లు ప్రాథమిక తరగతులకు అర్హులు కారని. ఆ సాయంత్రం ఫోను చేసి "అన్నయ్యా, నా పుస్తకాలు ఎంతకు కొంటావు?" అని అడిగింది. నవ్వుతూనే అడిగింది. 2024 ఫిబ్రవరిలో మన ప్రభుత్వం మళ్లీ బీఈడీ వాళ్లను ఎస్‌జీటీకి రానిస్తానంటే దాని మొహం వికసించింది. హైకోర్టు దాన్నీ ఆపేసింది. ఇప్పుడు సాంఘికశాస్త్రంలో స్కూల్ అసిస్టెంటుకు చదువుతోంది. వస్తే హైస్కూలు పిల్లలు వస్తారు. దానికి కావలసింది వాళ్లు కాదు.

అలాగని కోర్టును నేను తప్పుపట్టను. ఆరేళ్ల పిల్లకు అక్షరం అంటించడం వేరే విద్య. పెద్ద చదువు చదివినంత మాత్రాన అది దానంతటది రాదు. మన దగ్గర చిన్న తరగతుల పంతులు అంటే చిన్న పంతులు అన్న లెక్క ఉంది. నాకు తెలిసి అంతకంటే అడ్డగోలు లెక్క లేదు.

మీ అమ్మకు ఇందులో ఒక అభ్యంతరం ఉంది. "ఇంటర్‌తోనే చదువు ఆపేస్తుందా? రేపు ఎవరైనా అడిగితే డిగ్రీ లేదని చెప్పాలా?" అంటోంది. ఆపనక్కరలేదు. డీఈఎల్‌ఈడీ తరువాత డిగ్రీ చదువుకోవచ్చు. ఆపైన బీఈడీ కావాలనిపిస్తే ఇగ్నోలో దూరవిద్య ద్వారా చేయవచ్చు. ఉపాధ్యాయ శిక్షణ రెగ్యులర్‌గా పూర్తిచేసినవారికే అక్కడ సీటు. అంటే ముందు చిన్న తలుపు తీసిన మనిషికి పెద్ద తలుపు కూడా తెరిచే ఉంటుంది. ముందు పెద్ద తలుపు తీసిన మనిషి చిన్న తలుపు కోసం మళ్లీ మొదటినుంచి రెండేళ్లు కూర్చోవాలి. అత్తను ఆ మాటే అడిగాను. "ఈ వయసులో ఇంటర్ పిల్లల పక్కన బెంచీ మీదా?" అంది.

మూడో దారి కూడా ఉంది. ఐటెప్ అంటారు. డిగ్రీ, బీఈడీ కలిపి నాలుగేళ్లలో అయిపోతాయి, ఏడాది కలిసొస్తుంది. దానికి ఎన్‌సెట్ అని దేశమంతటికీ ఒకే పరీక్ష. మైసూరులో ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల ప్రాంతీయ విద్యాసంస్థ ఉంది, మన రాష్ట్రం పిల్లలకూ అక్కడ సీట్లుంటాయి. మంచి చోటు. నువ్వు ఈసారి ఎన్‌సెట్ రాయలేదు కాబట్టి అది వచ్చే ఏడాది మాట. మైసూరు దూరమని మాత్రం ఆగకు. దూరం నా బాధ, నీది కాదు.

ఉద్యోగాల సంగతి. 2025 మెగా డీఎస్సీలో, అంటే ప్రభుత్వ టీచర్ల నియామకంలో, 16,347 పోస్టులు వేశారు. అందులో స్కూల్ అసిస్టెంట్లు 7,725, ఎస్‌జీటీలు 6,371. మొదటి అంకె పెద్దదని మురిసిపోకు. అది భాషలు, గణితం, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, సాంఘికం, వ్యాయామం అంటూ ముక్కలవుతుంది, పైగా జిల్లాలవారీగా. మీ అత్తకు మిగిలేది అందులో ఒక ముక్కలో ముక్క. అయితే నిన్ను మభ్యపెట్టను. అంతకుముందు పెద్ద డీఎస్సీ వచ్చింది 2018లో. మధ్యలో ఏడేళ్లు ఎంతమంది గైడ్లు కొని, అమ్మి, మళ్లీ కొన్నారో నా కొట్టుకు తెలుసు. డీఎస్సీ వస్తుందన్న పుకారు పుట్టిన రోజు నాకు పండుగ. వాళ్లకు ఏమిటో చెప్పలేను. కాబట్టి శిక్షణ పూర్తికాగానే ప్రభుత్వ ఉద్యోగం గుమ్మం ముందు నిలబడుతుందని అనుకోవద్దు. టెట్ మాత్రం ముందే రాసి పెట్టుకో. 150 మార్కులకు జనరల్ వాళ్లకు 90 వస్తే పాస్, అది జీవితకాలం చెల్లుతుంది, డీఎస్సీలో దానికి ఇరవై శాతం వెయిటేజీ. అందుకే పాసైనవాళ్లు కూడా మార్కులు పెంచుకోవడానికి మళ్లీ మళ్లీ రాస్తారు.

ఒక్క విషయంలో మాత్రం నా మాటే చెల్లాలి. పోయిన వారం ఒక ఏజెంటు కొట్టుకొచ్చి కరపత్రాలు పెట్టుకోమన్నాడు. ఏదో కాలేజీ. హాజరు అక్కరలేదట, ఫీజు కట్టి పరీక్షకు వస్తే చాలట, బడిలో చేయవలసిన ఇంటర్న్‌షిప్ రికార్డులు కూడా వాళ్లే రాసిపెడతారట. ఆ కరపత్రాలను పకోడీల బండివాడికి ఇచ్చేశాను. రెండేళ్లలో ఇరవై వారాలు బడిలో పిల్లల ముందు నిలబడాలి, ఆ చదువులో అసలు సరుకు అదే. ఏ కాలేజీకైనా ఎన్‌సీటీఈ గుర్తింపు ఉందో లేదో చూశాకే ఫీజు మాట.

ఇక నా అభిప్రాయం. పోయిన దసరా సెలవుల్లో పక్కింటి రెండో తరగతి పిల్లాడికి తీసివేతలు చెప్పావు, గుర్తుందా? పక్కనుంచి ఒకటి అప్పు తెచ్చుకో అంటే వాడు, "తెచ్చింది మళ్లీ ఎప్పుడు ఇవ్వాలి అక్కా?" అన్నాడు. నేనైతే నవ్వి ఊరుకునేవాడిని. నువ్వు నవ్వలేదు. మీ అమ్మ కొత్త చీపురు పీకి, పుల్లలు పదేసి కట్టలు కట్టి, ఒక కట్ట వాడి చేతనే విప్పించావు. అప్పు కాదు, మన పదినే విప్పుకుంటున్నామని వాడికి తెలిసేదాకా గంటన్నర కూర్చున్నావు. అదే నెలలో ఎదురింటి తొమ్మిదో తరగతి అమ్మాయి బీజగణితం అడిగితే పావుగంటలో విసుక్కున్నావు. నేను చూసింది ఇదే. నేను చూడనిది ఇంకేదైనా ఉంటే నాకు చెప్పు, డిగ్రీ ఫీజు కడతాను, అందులో మాట తేడా ఉండదు.

వచ్చే శనివారం కొట్టు మూసి గుడ్లవల్లేరు దగ్గర అంగలూరు వెళ్దామనుకుంటున్నాను. ఉమ్మడి కృష్ణా జిల్లా డైట్, అంటే డీఈఎల్‌ఈడీ చెప్పే ప్రభుత్వ శిక్షణ సంస్థ, అక్కడే ఉంది. సెలవులైనా ఆవరణ చూడవచ్చు, ఆఫీసులో ఎవరైనా ఉంటే నాలుగు మాటలు అడగవచ్చు. నువ్వు తెనాలి నుంచి శుక్రవారం రాత్రికే వచ్చేయి. ఇంటర్ మార్కుల మెమో అక్కడే మరిచిపోకు. అత్తను కూడా రమ్మను, వస్తే. పైన చెప్పిన అంకెల్లో ఏదైనా తప్పుంటే ఎర్రసిరాతో దిద్ది పంపమను. తన సంగతి రాసిన భాగం మాత్రం మడిచిపెట్టి చూపించు.

మీ అమ్మ చీపురు సంగతి ఇంకా మరిచిపోలేదు.

నాన్న