సుబ్బుగాడికి చెన్నై నుంచి: గుజ్జు, ఎముక, కండ

రేయ్ సుబ్బూ,

ఎలా ఉన్నావురా. మొన్న ఫోన్లో "మైక్రోస్కోప్ కింద స్లైడ్లన్నీ గులాబీ రంగులోనే కనిపిస్తున్నాయి మామా, ఏది ఏదో తెలీట్లేదు, స్పాటర్స్‌లో, అదే స్లైడ్ చూసి పేరు రాసే పరీక్షలో, పోతానేమో" అన్నావు చూడు, ఆ మాట అప్పట్నుంచి బుర్రలో తిరుగుతానే ఉంది. ఫోన్లో చెప్తే ఎక్కదు, వాయిస్ మెసేజ్ పెడితే నువ్వు సగం వినవు, అందుకే కూర్చుని రాస్తున్నా. ఇక్కడ పొద్దుట్నుంచి ఒకటే వాన, తాంబరం వైపు లోకల్ కూడా లేటంట, ఎటూ వెళ్లే పని లేదు.

ముందు నాకు జరిగింది విను. పోయిన నెల ఇంటర్నల్స్‌లో ఒక స్లైడ్ పెట్టారు, గులాబీ రంగు పీచు కట్టలు, వాటి మధ్య వరసగా కణాలు. చూడగానే ఫైబ్రోకార్టిలేజ్ (పీచులున్న మృదులాస్థి) అని రాసేశా. అది టెండన్, కండని ఎముకకి కట్టే తాడు. ఆ రాత్రి అన్నం సయించలేదురా నిజంగా, ఎందుకంటే చదవక తప్పు రాయలేదు, చదివి కూడా తప్పు రాశా. మర్నాడు ల్యాబ్‌లో మా అటెండర్ పెద్దాయన ఆ రెండు స్లైడ్లూ పక్కపక్కన పెట్టి "తంబీ, ఇంగ పారు" (ఇటు చూడు) అని కణం చుట్టూ చూడమన్నాడు. అంతే, విషయం తెలిసిపోయింది. టెండన్‌లో కణం పీచుల మధ్య నలిగిపోయి సన్నగా గీతలాగా ఉంటుంది. ఫైబ్రోకార్టిలేజ్‌లో కణానికి తనకంటూ ఒక గది ఉంటుంది, అదే లాక్యూనా, అందులో గుండ్రంగా కూర్చుని ఉంటుంది. వెన్నుపూసల మధ్య డిస్క్ స్లైడ్ వస్తే ఆ గదుల కోసమే వెతుకు.

అప్పట్నుంచి నేను రంగు చూడ్డం మానేశా. రంగు స్లైడ్‌కో రకంగా ఉంటుంది, పాత స్లైడైతే వెలిసిపోయి ఉంటుంది, దాన్ని నమ్మితే ముంచుతుంది. కణం ఎక్కడుంది, దానికి తిండి ఎట్నుంచి వస్తుంది, ఈ రెండే చూస్తున్నా.

హయలిన్ కార్టిలేజ్ (నున్నటి మృదులాస్థి) తీసుకో, ట్రాకియా (గాలిగొట్టం) స్లైడ్‌లో తప్పకుండా ఉంటుంది. 10 ఎక్స్ లెన్సులో పెట్టగానే లేత నీలంగా, నున్నగా, తాటిముంజ కోసి పెట్టినట్టు కనిపిస్తుంది. అందులో అక్కడక్కడ గదులు, ఒక్కో చోట రెండు, ఒక్కో చోట నాలుగు కణాలు గుంపుగా. ఆ గుంపు ఎందుకో తెలుసా, ఒకే తల్లికణం విడిపోయి పుట్టినవవి, కానీ చుట్టూ గట్టిగా మ్యాట్రిక్స్ (కణాల మధ్య పదార్థం) ఉంది కదా, దూరం జరగలేక అక్కడే ఉండిపోయాయి. గుంపు చుట్టూ కొంచెం ముదురు వలయం ఉంటుంది, 40 ఎక్స్‌లో చూడు, బొమ్మలో అది వేస్తే మార్కు ఖాయం. కొల్లాజెన్ పీచులు ఇందులోనూ ఉన్నాయి, టైప్ 2, కానీ కాంతి వాటిలోనూ చుట్టూ ఉన్న పదార్థంలోనూ ఒకేలా వంగుతుంది కాబట్టి మనకు కనపడవు, నీళ్లలో పడ్డ గాజుముక్క కనపడనట్టు. అంచున గులాబీ రంగు పట్టీ పెరికాండ్రియం, రక్తనాళాలు దాన్లోనే, లోపల ఒక్కటి కూడా లేదు. తిండంతా మెల్లగా ఇంకుతూ లోపలికి రావాల్సిందే.

ఎలాస్టిక్ కార్టిలేజ్ గురించి ఎక్కువ భయపడకు. చెవి డొప్ప లేదా ఎపిగ్లాటిస్ (గొంతులో గాలిదారికి మూత), కణాలు దగ్గరదగ్గరగా, మధ్యలో దారాల అల్లిక. వెర్‌హాఫ్ స్టెయిన్ (ఆ దారాలకి పట్టే రంగు) వేసి ఉంటే దారాలు నల్లగా దొరికిపోతాయి.

ఇప్పుడు ఎముక. దీని మీద నాకు ఎంత ఇష్టం పెరిగిందో చెప్పలేను. మీ కాలేజీలో గ్రౌండ్ సెక్షన్ ఉందా? రంగేమీ వెయ్యరు, ఎండిన ఎముక ముక్కని వెలుతురు దూరేంత పల్చగా అరగదీస్తారు. మార్గళి నెల కదా, ఇక్కడ మా వీధిలో ప్రతి గుమ్మం ముందూ కోలం ఉంటుంది, మన ధనుర్మాసం ముగ్గుల్లాగే, సరిగ్గా అట్లానే ఉంటుందిరా ఆ స్లైడ్. మధ్యలో ఒక కాలువ, చుట్టూ వలయాల మీద వలయాలు, వలయాల మధ్య నల్లటి చుక్కలు, చుక్క చుక్కకీ కాళ్లొచ్చినట్టు వెంట్రుకంత గీతలు. ఆ చుక్కలు కణాలు కాదు, కణాలుండి పోయిన గదులు, గాలి నిండి నల్లగా కనిపిస్తాయి. గీతలు కెనాలిక్యులై, అంటే సన్నటి కాలువలు. మధ్య కాలువ గురించి క్లాప్టన్ హేవర్స్ 1691లో రాశాడు, అందుకే హేవర్సియన్ కెనాల్ అంటున్నాం. రక్తనాళం ఆ కాలువలో ఉంటే, కణాలు ఆ గీతల్లోంచి చేతులు చాపి ఒకదాన్నుంచి ఒకటి తిండి అందుకుంటాయి. డీకాల్సిఫైడ్ సెక్షన్ అయితే యాసిడ్‌లో కాల్షియం తీసేసి హెచ్ అండ్ ఈ (మామూలుగా స్లైడ్లకి వేసే నీలం, గులాబీ రంగులు) వేస్తారు కాబట్టి అంతా గులాబీ రంగు, అందులో కణాలు కనిపిస్తాయి కానీ గీతలు దాదాపు కనపడవు. నువ్వు తికమక పడింది ఇక్కడే అనుకుంటా. స్పాంజీ బోన్ (స్పంజిలా ఖాళీలున్న ఎముక) అయితే పలకల మధ్య మజ్జ ఖాళీలు, హేవర్సియన్ వలయాలు వెతక్కు, ఉండవు.

ఇంటర్ ఫస్టియర్‌లో సంక్రాంతి సెలవుల్లో క్రికెట్ ఆడుతూ నీ చెయ్యి విరిగింది గుర్తుందా, ఆరు వారాలు కట్టు, తర్వాత మళ్లీ బౌలింగ్ వేశావు. ఈ స్లైడ్ చూస్తే నాకు ఆ చెయ్యే గుర్తొచ్చింది, ఎముక నిండా రక్తం నడిచే దారులు ఉన్నాయి కాబట్టే అతుక్కుంది. అదే నాయనమ్మ మోకాలికి తెనాలి డాక్టర్ "గుజ్జు అరిగిపోయింది" అన్నాడు, మనం ఆవిడకి కాల్షియం బిళ్లలేసి తగ్గుతుందని ఎదురుచూశాం. ఆ గుజ్జంటే కీలులో ఉండే హయలిన్ కార్టిలేజేరా, దానికి లోపల రక్తనాళం లేదు, పైన పెరికాండ్రియం కూడా లేదు. అరిగింది మళ్లీ ఎందుకు రాదో స్లైడ్‌లో నీ కళ్లతో నువ్వే చూడొచ్చు. నేను చూసి చాలాసేపు అట్లానే కూర్చుండిపోయా.

కండరాలు త్వరగా చెప్తా. స్కెలిటల్ (ఎముకలకి అంటుకున్న కండ) అయితే పొడుగాటి కడ్డీలు, న్యూక్లియస్‌లు అంచుకి నెట్టేసినట్టు, అడ్డంగా చారలు. చారలు కనపడట్లేదని గాభరా పడకు, ఐరిస్ డయాఫ్రం (మైక్రోస్కోప్‌లో వెలుతురు తగ్గించే రంధ్రం) కొంచెం మూసి ఫైన్ ఫోకస్ మెల్లగా తిప్పు, ఉన్నట్టుండి తేలతాయి, ఆ క్షణం భలే ఉంటుంది. కార్డియాక్‌లో, అంటే గుండె కండలో, న్యూక్లియస్ మధ్యలో, పీచులు కొమ్మలు కొమ్మలుగా చీలి కలుస్తాయి, మెట్లలాంటి ముదురు గీతలు ఇంటర్‌కలేటెడ్ డిస్కులు. స్మూత్‌లో, అంటే పేగులాంటి చోట్ల ఉండే కండలో, చారలే ఉండవు, కణం మధ్యలో లావుగా రెండు చివర్లా సన్నగా. అడ్డంగా కోసినప్పుడే మోసం చేస్తుంది, కొన్ని పెద్ద వలయాలు, కొన్ని చిన్న చుక్కలు, కొన్నింట్లో న్యూక్లియస్ ఉంటుంది కొన్నింట్లో ఉండదు. పచ్చిమిరపకాయల కట్ట ఒకేసారి తరిగితే ఒక కాయ మధ్యలో తెగి గింజలు కనిపిస్తాయి, ఇంకోటి కొసలో తెగుతుంది, అదే లెక్క. పేగు స్లైడ్‌లో లోపలి పొర గుండ్రంగా, బయటిది పొడుగ్గా ఉంటుంది కాబట్టి రెండు రకాల కోతా ఒక్క స్లైడ్‌లోనే దొరుకుతుంది, దాంతో ప్రాక్టీస్ చెయ్.

రేపు ల్యాబ్‌కి వెళ్తే టెండన్, ఫైబ్రోకార్టిలేజ్ రెండూ పక్కపక్కన పెట్టమని అడుగు, అడిగితే ఎవరూ కాదనరు. పెన్సిల్‌తో గ్రౌండ్ సెక్షన్ బొమ్మ వేసి ఫోటో పంపు, నేనూ నాది పంపుతా. ఆదివారం తెనాలి వెళ్తే నాయనమ్మని ఓసారి చూసిరా, మెట్లెక్కొద్దని గట్టిగా చెప్పు, నా మాట వినదు, నీ మాటైతే వింటుంది. పండక్కి నేనొస్తానని చెప్పు.

నీ
చందు