గుర్రం రక్తానికి మనుషుల కొలతలా?

సంపాదకులకు నమస్కారం.

రేసుల నుంచి రిటైరైన గుర్రాలను, పెళ్లి ఊరేగింపులకు పనికిరావని వదిలేసిన వాటిని హైదరాబాద్ శివార్లలో కొందరం సాకుతున్నాం. పదిహేనేళ్లు దాటిన గుర్రాలకు మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి జబ్బు తరచుగా వస్తుంది. డోపమిన్ అనే మెదడు రసాయనం అందక ఆ గ్రంథి అదుపు తప్పి ఏసీటీహెచ్ హార్మోన్‌ను అతిగా వదులుతుంది. ఎండాకాలంలోనూ బొచ్చు రాలదు, వీపు మీద కండ కరిగిపోతుంది. లామినైటిస్ (గిట్ట లోపలి పొర వాచే జబ్బు) తోడైతే గిట్ట నేలకు ఆనించలేక గుర్రం నరకం చూస్తుంది. దీనికి ఇచ్చే పెర్గోలైడ్ మందు మొదలుపెడితే బతికినంతకాలం ఇవ్వాల్సిందే. కాబట్టి రక్తంలో ఏసీటీహెచ్ కొలిచే పరీక్ష తప్పుగా వస్తే నష్టం చిన్నది కాదు.

మా ముసలి ఆడగుర్రం రక్తం ఒక ల్యాబ్‌కు పంపితే, మనుషుల రేంజ్‌తో పోల్చి ‘నార్మల్’ అని రిపోర్టు ఇచ్చారు. ఏ మెషీన్ మీద చేశారో కూడా అందులో లేదు. పద్ధతి మారితే అంకె మారుతుంది. నెల మారినా మారుతుంది. ఉత్తరార్ధగోళంలో జులై మధ్య నుంచి నవంబరు మధ్య దాకా ఆరోగ్యంగా ఉన్న గుర్రంలోనూ ఏసీటీహెచ్ పెరుగుతుంది. విదేశీ నిపుణుల పట్టికల ప్రకారం మిల్లీలీటరుకు 60 పికోగ్రాములు మే నెలలో వస్తే జబ్బు ఉండే అవకాశమే ఎక్కువ. అదే 60 సెప్టెంబరులో వస్తే ఏదీ తేల్చలేరు.

పోనీ, ఆ పట్టికలే వాడుకుందామా అంటే అదీ కుదరదు. ఈ హెచ్చుతగ్గులు పగటి పొడవును బట్టి నడుస్తాయి. లండన్‌లో జూన్‌లో పగలు 16 గంటలు దాటుతుంది, డిసెంబరులో 8 గంటలైనా ఉండదు. హైదరాబాద్‌లో ఆ తేడా రెండు గంటల పైచిలుకే. అక్కడి గుర్రాల లెక్క ఇక్కడి గుర్రాలకు సరిపోతుందని ఎలా అనుకుంటాం?

రక్తం తీసే పద్ధతి మరో సమస్య. రక్తం గడ్డకట్టకుండా ఉంచే ఈడీటీఏ ట్యూబులోకి తీసిన వెంటనే ఐస్‌లో పెట్టాలి, అదే రోజు ప్లాస్మా వేరు చేయాలి. మన మే నెల ఎండలో శాంపిల్‌ను బైక్ డిక్కీలో వేసుకుని తిరిగితే హార్మోన్ చెడిపోయి అంకె తక్కువగా వస్తుంది, జబ్బు గుర్రం కూడా బాగున్నట్టు కనిపిస్తుంది. తీవ్రమైన నొప్పితోనో ప్రయాణం బడలికతోనో ఉన్నప్పుడు తీస్తే అంకె పెరిగే ప్రమాదం ఉంది. ఇవేవీ అడగకుండా శాంపిల్ తీసుకునే ల్యాబ్‌ను ఏం నమ్మాలి?

రాజేంద్రనగర్, తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీలకు నా విన్నపం. ఆరోగ్యంగా ఉన్న ముసలి గుర్రాల నుంచి ఏడాది పొడవునా నెలనెలా శాంపిళ్లు తీసి మన ప్రాంతానికి సొంత పట్టిక తయారు చేయండి. ఖర్చులో కొంత రేస్ క్లబ్బులు భరించాలి. ఈ గుర్రాలు పరుగెత్తింది ఆ ట్రాకుల మీదే. ఈలోగా ల్యాబులు తమ రిపోర్టుల్లో అది ఏ జంతువు రక్తమో, శాంపిల్ తీసిన తేదీ, పరీక్షా పద్ధతి తప్పనిసరిగా రాసేలా పశుసంవర్ధక శాఖ ఆదేశాలివ్వాలి.

– ఒక గుర్రాల సంరక్షకుడు, శంషాబాద్