పదహారేళ్లకు లైసెన్సు సరే, బండేదీ?

సంపాదకుడు గారికి,

మావాడు ఇంటర్ మొదటి సంవత్సరం. కాలేజీ మా ఊరికి తొమ్మిది కిలోమీటర్లు, పొద్దున బస్సు దొరుకుతుంది గానీ సాయంత్రం ల్యాబ్ వదిలేసరికి వెళ్లిపోయి ఉంటుంది. పదహారు నిండాయి కదా, దొంగచాటుగా కాకుండా లైసెన్సుతోనే చిన్న బండి నేర్పిద్దామనుకున్నాను. 1988 మోటారు వాహనాల చట్టం నాలుగో సెక్షన్‌లో ఆ వెసులుబాటు ఉంది. పద్దెనిమిది నిండనిదే బండి నడపకూడదంటూనే, ఇంజిన్ 50 సీసీ దాటకపోతే పదహారు నిండినవాళ్లు నడపొచ్చంటుంది. నేను సంతకం పెట్టాను, ఎల్ఎల్ఆర్, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే తాత్కాలిక లైసెన్సు కూడా వచ్చింది. టెస్టుకి మాత్రం బండి మనమే తీసుకెళ్లాలి.

షోరూములన్నీ తిరిగాను. 50 సీసీ అనగానే ఒక సేల్స్ కుర్రాడైతే నవ్వు ఆపుకోలేకపోయాడు. మా ఊళ్లో పాల క్యాన్లూ గడ్డిమోపులూ గ్యాస్ సిలిండర్లూ మోసే ఎక్సెల్ కూడా ఇప్పుడు 99.7 సీసీ. స్కూటర్లయితే 110, 125. చివరికి మా పెదనాన్న పశువుల కొట్టంలో గోనెసంచుల కింద పడున్న టీవీఎస్ 50 బయటికి లాగాం. ప్లగ్గు విప్పితే మసి గడ్డకట్టి ఉంది. గరుకు కాగితంతో రుద్ది, పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసి, స్టాండు మీద నిలబెట్టి మావాడూ నేనూ మార్చి మార్చి పెడల్ తొక్కితే ఎప్పటికో అందుకుంది, కొట్టమంతా పొగ, గేదె తాడు తెంపుకోబోయింది. ఆర్సీ చూస్తే గడువు తీరి ఏళ్లయింది. అంటే టెస్టుకి అదీ పనికిరాదు.

ఆ నిబంధన రాసినప్పుడు వీధి నిండా అలాంటి బండ్లే. 1972లో లూనా వచ్చింది, 1980లో టీవీఎస్ 50 వచ్చింది, మా తిరుపతిలోనే మోపెడ్స్ ఇండియా వాళ్లు సువేగ చేసేవాళ్లు. తర్వాత పొగ నిబంధనలు బిగిశాయి, 2017లో బీఎస్ 4, 2020లో బీఎస్ 6, ఈలోపే జనం పెద్ద ఇంజిన్లకు అలవాటు పడ్డారు, కంపెనీలూ అటే పోయాయి. కంపెనీలను తిట్టి లాభం లేదు లెండి, కొనేవాడు లేని బండి ఎవరు చేస్తారు. కానీ బండి పోయింది, చట్టంలో 50 అంకె మాత్రం అలాగే ఉంది.

దాంతో జరిగేదేమిటో సాయంత్రం నాలుగింటికి ఏ కాలేజీ గేటు దగ్గర నిలబడినా కనిపిస్తుంది. 125 సీసీ బండి మీద ముగ్గురు, ఒక్కడికీ హెల్మెట్ ఉండదు. అదే చట్టానికి 2019 సవరణలో తెచ్చిన 199ఎ సెక్షన్ ప్రకారం మైనరు నేరం చేసి దొరికితే బండి యజమానికో తల్లిదండ్రులకో 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు, పిల్లవాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు. అంత శిక్ష రాసినవాళ్లు సరైన దారి కూడా ఒకటి చూపించాలి కదా. ఇంకోపక్క 250 వాట్లు, 25 కిలోమీటర్ల వేగం దాటని ఎలక్ట్రిక్ బండి చట్టం దృష్టిలో మోటారు వాహనమే కాదు, లైసెన్సూ నంబరు ప్లేటూ అక్కర్లేదు. దాన్ని అమ్మే ఒకాయన నాతోనే అన్నాడు, "ఒక వైరు పీకేస్తే నలభై పోతుందన్నా" అని.

జపాన్‌లోనూ ఇదే చిక్కు వచ్చింది. అక్కడ పదహారేళ్లకే 50 సీసీ బండికి లైసెన్సు ఇస్తారు. పొగ నిబంధనలు కఠినం కావడంతో హోండా లాంటి కంపెనీయే 50 సీసీ తయారీ మానుకుంది. అక్కడి ప్రభుత్వం ఊరికే చూస్తూ కూర్చోలేదు, 2025 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా ఉన్న బండి శక్తిని 4 కిలోవాట్లకు బిగిస్తే అదే లైసెన్సుతో నడుపుకోనిచ్చింది. వేగం మాత్రం పాతదే, గంటకు 30 కిలోమీటర్లు.

మన దగ్గరా సీసీ లెక్క వదిలేసి శక్తి, వేగం లెక్కన ఒక తరగతి పెట్టండి, పెట్రోలైనా కరెంటైనా ఒకటే. నంబరు ప్లేటు, హెల్మెట్, టెస్టు ఉండాలి, వేగానికి వేసిన కళ్లెం వైరు పీకితే ఊడొచ్చేలా ఉండకూడదు. ఆ తరగతి అంటూ ఉంటే బండి చేసే కంపెనీలు వాటంతటవే వస్తాయి. అదీ కుదరదంటే ఆ వెసులుబాటే కొట్టేయండి, పద్దెనిమిది అంటే పద్దెనిమిదే అనుకుని మా తిప్పలేవో మేం పడతాం.

మావాడి ఎల్ఎల్ఆర్ గడువు ఆరు నెలలు, అందులో నాలుగు అయిపోయాయి. ఈలోగా మీ పాఠకుల్లో ఎవరి దగ్గరైనా ఆర్సీ బతికున్న 50 సీసీ బండి ఉంటే ఒక్క పూట టెస్టుకి ఇప్పించండి. పెట్రోలూ ఆయిలూ నేనే పోయించుకుంటాను.

— ఒక ఇంటర్ విద్యార్థి తండ్రి, తిరుపతి జిల్లా