మంచం దిగలేని వాళ్ళను ఎవరు మోస్తారు?

సంపాదకుడి గారికి,

అగ్నిమాపక వారోత్సవాల్లో భాగంగా ఓ వృద్ధాశ్రమంలో జరిగిన 'అవగాహన' కార్యక్రమం గురించి మీ జిల్లా పేజీలో ఫోటోతో సహా వేశారు. రాయాలా వద్దా అని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఊరుకోబుద్ధి కావడం లేదు.

ఆవరణ మధ్యలో రేకు డబ్బాలో మంట. దాని మీద సిలిండర్ పొడి కొడుతున్న సిబ్బంది. వెనక శాలువాలు కప్పుకున్న పెద్దలు. ప్లాస్టిక్ కుర్చీల్లో ఓపికున్న తాతయ్యలు, మామ్మలు. పట్టపగలు, ఎండలో. బాగానే ఉంది. కానీ లోపల మంచం దిగలేని వాళ్ళు ఆ ఫోటోలో లేరు. రాత్రి డ్యూటీ ఆయా అంతకన్నా లేదు, ఆ వేళకి ఆవిడ ఇంటికెళ్ళి నిద్రపోతూ ఉంటుంది. నిప్పంటుకుంటే ప్రాణం మీదికొచ్చేది వీళ్ళకే. మీ విలేకరి కూడా ఆ ముక్క అడగలేదు.

మా పెద్దమ్మ ఉండే హోమ్ వేరే చోట. మూడంతస్తుల అద్దె ఇల్లు. రాత్రయితే పైన ఒక ఆయా, కింద వాచ్‌మన్, అంతే. మతిమరుపు ఉన్నవాళ్ళు రోడ్డు మీదికి వెళ్ళిపోతారని గేటుకు తాళం వేస్తారు. ఆ భయం నిజమే, కాదనను. కానీ తాళంచెవి వాచ్‌మన్ జేబులో, వాచ్‌మన్ టీ కొట్టు దగ్గర! మెట్ల కింద ఇన్వర్టర్ బ్యాటరీలు, వాటికి ఆనించి డైపర్ల అట్టపెట్టెలు, పాత పరుపులు. గోడనున్న ఎర్ర సిలిండర్ నిగనిగలాడుతోంది గానీ దాని చీటీ మీద గడువు ఎప్పుడో దాటిపోయింది. అడిగితే "మనది పెద్ద ఎత్తు బిల్డింగు కాదు కదండీ, అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) అక్కర్లేదు" అన్నారు మేనేజరు గారు. పొగ అంతస్తులు లెక్కపెట్టుకుని వస్తుంది కాబోలు.

2020 ఆగస్టు 9న స్వర్ణ ప్యాలెస్‌లో ఏం జరిగిందో బెజవాడ వాళ్ళకు నేను చెప్పాలా? హోటల్‌ను కోవిడ్ కేంద్రం చేశారు, నిప్పంటుకుని పది మంది పోయారు. 2011 డిసెంబరు 9న కోల్‌కతా ఆమ్రి ఆసుపత్రిలో, కార్లు పెట్టాల్సిన బేస్‌మెంట్‌లో సామాన్లు నింపారు. అక్కడ పుట్టిన పొగ ఏసీ గొట్టాల గుండా వార్డుల్లోకి ఎక్కి, సుమారు 90 మందిని పొట్టన పెట్టుకుంది. సాయానికి పరిగెత్తుకొచ్చిన పక్క బస్తీ వాళ్ళను మొదట్లో లోపలికే రానివ్వలేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన మానసిక రోగులు 28 మంది మంటల్లో చనిపోయారు. 2023 జనవరి 1న ఢిల్లీ గ్రేటర్ కైలాష్‌లోని వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఇద్దరు పెద్దావిడలు బలయ్యారు. ఈ నాలుగూ తెల్లవారకముందే జరిగాయి. మన అవగాహన మాత్రం టిఫిన్లయ్యాక మొదలవుతుంది.

ఇక ఏ ఆఫీసుకెళ్ళినా ఒకటే మాట, మాది కాదని. అగ్నిమాపక శాఖ మున్సిపాలిటీని చూపిస్తుంది, మున్సిపాలిటీ సంక్షేమ శాఖను చూపిస్తుంది. ప్రమాదం జరిగితే మాత్రం ముగ్గురూ కలిసే పరామర్శకు వస్తారు. విదేశాల్లో ఉన్న పిల్లలూ తక్కువ తినలేదు. నెలనెలా డబ్బు పంపి, ఏసీ గది ఫోటో వాట్సాప్‌లో చూసుకుని తృప్తి పడతారు. రెండో గుమ్మం ఎక్కడుందని ఎవరూ అడగరు. అడిగేవాడికి చాదస్తపు ముసలాడని పేరు, నాకు ఇప్పటికే వచ్చింది.

చేయాల్సింది కోట్ల పని కూడా కాదు. నడవగలిగేది ఎవరు, పట్టుకుంటే నడిచేది ఎవరు, మోయాల్సింది ఎవరు అని గదివారీ జాబితా రాత్రి ఆయా చేతిలో ఉండాలి. మంట పుట్టిన గదిలోంచి మనిషిని లాగి తలుపు మూసేయడం ఆమెకు నేర్పాలి. మంచం దిగలేని వాళ్ళను మెట్ల మీద మోయడం ఒక్క మనిషి వల్ల కాదు. ముందు దుప్పటితో సహా అదే అంతస్తులో పొగ లేని వైపుకు లాక్కెళ్ళాలి. ఆమె దగ్గర గేటు తాళంచెవి రెండోది ఉండాలి. 101కి ఫోన్ చేసేందుకు మేనేజరు అనుమతి కోసం ఆగనక్కర్లేదని రాసి ఇవ్వాలి.

అధికారులకు ఒక్క మనవి. ఈసారి రాత్రి రెండు గంటలకు, ముందు చెప్పకుండా, ఏదో ఒక హోమ్‌కు వెళ్ళి గంట మోగించండి. ఉన్న ఆ ఒక్క ఆయాతో అందరూ పొగ లేని చోటికి చేరడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూడండి. ఎన్ని నిమిషాలు పట్టిందో ఈ పత్రికలోనే వేయించండి.

— ఒక పాఠకుడు, విజయవాడ