ఆరాధన తరువాత పోషకాహార తరగతులు

సంఘ సభ్యులందరికీ ప్రభువు నామమున వందనములు. వచ్చే ఆదివారం నుండి ఆరాధన ముగిశాక, కందుకూరులోని మన మందిరం వెనుక షెడ్డులో గంటసేపు ఉచితంగా పోషకాహార తరగతులు నిర్వహించాలని పెద్దలు, స్త్రీల సమాజం కలిసి నిర్ణయించాము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది; పొద్దున్నే టీ మాత్రమే తాగి పొగాకు పనికి వెళ్లే మన అక్కచెల్లెళ్లను చూస్తుంటే ఆ లెక్క నాకు ఆశ్చర్యం కలిగించదు. అన్నంతో పాటే టీ తాగితే ఆహారంలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదనీ, అదే మునగాకు పప్పులో నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుందనీ మొదటి వారం పొయ్యి దగ్గరే వండి చూపిస్తాము. ఏ మతం వారైనా రావచ్చు కనుక, మీ వీధిలోని గర్భిణులను, బాలింతలను తప్పక వెంటబెట్టుకు రండి. ఎవరి పళ్లెం, గ్లాసు వారే తెచ్చుకోవాలని మనవి.