వానల్లోనే ఒకసారి రా

విశాఖపట్నం,
శ్రావణ మాసం.

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం నిన్న అందింది. డిసెంబరులో వస్తానని, అప్పటికి బురద ఆరిపోతుందని, అరకులో వలిసె పూలు కూడా చూడొచ్చని రాశావు. డిసెంబరులోనూ రా, సంతోషమే. కానీ కొండలెక్కాలని ఉందన్నది నువ్వే కదా, అందుకే పట్టుబడుతున్నాను. వానలుండగానే ఒకసారి రా. చలికాలంలో అనంతగిరి ఘాట్ నిండా కార్లూ బస్సులే. ఇప్పుడు రోడ్డు దిగి కాఫీ తోటల్లోకి నడిస్తే సిల్వర్ ఓక్ చెట్ల మీంచి నీళ్లు రాలే చప్పుడు, కింద ఎక్కడో గెడ్డ (కొండవాగు) చప్పుడు, ఇంకేమీ వినిపించదు. ఎండాకాలంలో ఎండి కనిపించిన వాగులన్నిట్లోనూ ఇప్పుడు నీళ్లే.

కష్టమా అంటే కష్టమే. నీ దగ్గర దాచడమెందుకు.

ముందు బురద సంగతి చెబుతాను. మన కొండల్లో ఎక్కువగా ఉండేది ఖోండలైటు రాయి. ఖోండు గిరిజనుల పేరు మీదే దానికి ఆ పేరు వచ్చింది. ఆ రాయి వానకీ ఎండకీ చివికి చివికి ఎర్ర బంకమట్టి అవుతుంది. రెండు రోజులు ముసురు పట్టిందంటే ఆ మట్టి బూటు అడుగున చపాతీ పిండిలా అంటుకుంటుంది. అడుగున ఉన్న గాట్లన్నీ పూడిపోతాయి. ఇక ఎంత ఖరీదైన బూటైనా పట్టు దొరకదు. కాసేపటికోసారి ఆగి, ఏ రాతి అంచుకో గీకి, మళ్లీ నడవాలి. ఈ ఆగడాలన్నీ కలిపితే పొడి నేల మీద రెండు గంటల దారి ఇక్కడ మూడున్నర గంటలు పడుతుంది. టైము లెక్క వేసుకునేటప్పుడు ఈ సంగతి మర్చిపోకూడదు.

ఎక్కడం నాకు పెద్ద టెన్షన్ కాదు. జారినా ముందుకే పడతాం, చేతులు ఆనుతాయి. అసలు పరీక్ష దిగేటప్పుడే. అప్పటికి తొడలు అలిసిపోయి ఉంటాయి, మనం ఎక్కొచ్చిన దారినే మనకంటే ముందు వాననీళ్లు దిగిపోతుంటాయి. మోకాళ్లు కాస్త వంచి, పాదం అడ్డంగా పెట్టి, చిన్న చిన్న అడుగులు వేయాలి. నున్నటి తడి రాయి మీదా, తొక్కతేలిన వేరు మీదా కాలు పెట్టొద్దు. దారి పక్క గడ్డి దుబ్బు మీద పెడితే నిలుస్తుంది. చేతిలో కర్ర ఉండాలి, గొడుగు మాత్రం వద్దు. రెండో చెయ్యైనా ఖాళీగా లేకపోతే పడేటప్పుడు దేన్నీ పట్టుకోలేం. మాకు దారి చూపించే బాబాయి ఒకాయన ఉన్నాడు, అనంతగిరి పక్క ఊరే. తలమీద గిడుగు (ఆకులతో అల్లిన వాన గొడుగు) వేసుకుని, ఉత్త కాళ్లతో, బొటనవేలు మట్టిలో గుచ్చి దిగుతాడు. ఆయన వెనకాల నడుస్తూ ఆయన కాలు పెట్టిన చోటే నేనూ పెడతాను. నాకు తెలిసిన దిగుడంతా అలా నేర్చుకున్నదే. ఊళ్లో వాళ్లెవరినైనా వెంటబెట్టుకోకుండా ఆ కొండల్లోకి వెళ్లను, వాళ్లకివ్వాల్సిన కూలి దగ్గర బేరం కూడా ఆడను.

గెడ్డల గురించి మాత్రం నువ్వు శ్రద్ధగా చదవాలి రా. ఈ వారమే జరిగింది చెబుతాను. పొద్దున్న మేము దాటిన గెడ్డ పిక్కల లోతు కూడా లేదు, అడుగున గులకరాళ్లు కనిపిస్తున్నాయి. పైకి ఇంకో గంట నడిస్తే శిఖరం అనగా బాబాయి ఆగిపోయాడు. మా మీద చినుకు లేదు. ఎదుటి కొండ మాత్రం నల్లగా మూసుకుపోయి ఉంది. "బాబూ, అక్కడ పడుతున్న వాన మన గెడ్డలోకే వస్తాది, దిగిపోదాం" అన్నాడు. మారు మాట్లాడకుండా వెనక్కి తిరిగాం. గెడ్డ దగ్గరికొచ్చేసరికి నీళ్లు ఎర్రబడ్డాయి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయి. ఆయన కర్రతో లోతు చూసి, తల అడ్డంగా ఊపి, ఒడ్డుకి బాగా పైన ఒక బండ కింద కూర్చోబెట్టాడు. మోకాలి లోతు నీళ్లైనా వడిగా వస్తుంటే మనిషి నిలబడలేడు. నిటారు కొండలు కాబట్టి నీళ్లు ఎంత తొందరగా వస్తాయో, పైన వాన ఆగితే అంత తొందరగానూ తీస్తాయి. తెచ్చుకున్న చోడి (రాగి) అంబలి తాగుతూ కూర్చున్నాం. నీళ్ల రంగు తేరాక, ఆయన చెయ్యి పట్టుకుని ఒక్కొక్కరం దాటాం. శిఖరం చూడలేదన్న బాధ నాకు ఇసుమంత కూడా లేదు.

బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నారంటే ఆ రోజుల్లో నేను కొండ మాటే ఎత్తను. మామూలు రోజైనా మధ్యాహ్నానికి ఉరుములు పట్టుకుంటాయి, ఆలోగా గట్టు మీంచి దిగిపోవాలి.

చలి కూడా ఉంటుంది, వైజాగ్ ఉక్కపోత చూసి మోసపోకు. వెయ్యి మీటర్లు ఎక్కితే దాదాపు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. తడిసిన ఒంటికి గాలి తగిలితే వణుకు ఆగదు. జీన్స్ వేసుకురావద్దు, నీళ్లు పీల్చి బరువెక్కుతాయి, ఆరవు. పల్చటి నైలాన్ ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా చాలు. పొడి బట్టల జత ఒకటి పాలిథిన్ కవర్లో మూతిగట్టి బ్యాగు అడుగున పెట్టు, అది దిగొచ్చాక వేసుకోవడానికే. ఏజెన్సీలో వానాకాలం మలేరియా ఎక్కువ, కాబట్టి దోమల క్రీము తప్పనిసరి.

వచ్చిన మొదటిరోజే అంత దూరం తీసుకెళ్లనులే. ముందు మాధవధార నుంచి మెట్లదారిన సింహాచలం కొండ దాటేద్దాం. ఆ పాత రాతిమెట్లకి నాచు పట్టి ఉంటుంది, నీ బూట్ల సంగతీ నీ మోకాళ్ల సంగతీ అక్కడే తేలిపోతుంది. అవతల అప్పన్న దర్శనం చేసుకుని, పులిహోర తిని, బస్సులో ఇంటికొచ్చేద్దాం. బాగా నడిచావనిపిస్తే ఒకరోజు ఆగి, పొద్దున్నే కిరండూల్ ప్యాసింజర్ ఎక్కుదాం. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం జపానుకి పంపడానికి 1960ల్లో వేసిన లైను అది. సొరంగాల్లోంచి బయటపడ్డప్పుడల్లా కిటికీలోంచి ఒక కొత్త జలపాతం కనిపిస్తుంది. వానల్లో పట్టాల మీద బండలు జారిపడి రైళ్లు ఆగిపోవడం కూడా మామూలే, అందుకని తిరుగు ప్రయాణానికి ఒకరోజు చేతిలో ఉంచుకుని సెలవు పెట్టు.

బూట్లు కొత్తవి కొనకు, అరిగిపోకుండా ఉంటే పాతవే మేలు, కాలికి అలవాటై ఉంటాయి. ఏ తేదీకి వస్తున్నావో ఈ వారంలోనే రాయి, బాబాయికి కబురు పెట్టాలి, నాట్లు పడే రోజుల్లో ఆయనకి కుదరదు. అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

నీ,
వైజాగ్ మామ